వంతవాడి నోరు

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు: భుజాన తంబుర, చేతివేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలు పట్టుకున్న ఇద్దరు వంతలు. ఒకాయన రాజకీయ వంత, లోకం పోకడ మీద మాట విసరడం ఆయన పని. రెండో ఆయన హాస్యపు వంత. కరపత్రం మీద కథకుడి పేరు పెద్ద అక్షరాల్లో పడుతుంది, కింద 'బృందం' అని ఉంటుంది. ఆ బృందమంటే ఈ ఇద్దరే. కానీ తెల్లారి రచ్చబండ దగ్గర ఊరు నెమరేసుకునేది చాలాసార్లు హాస్యపు వంత అన్న మాటనే.

హైదరాబాద్ కెఫేల్లో మైకు ముందు ఒంటరిగా నిలబడి నవ్వించే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ వంతవాడు గుర్తొస్తాడు. ఇద్దరి పనీ ఒకటే అననుగానీ ఇద్దరికీ ఉన్న చిక్కు ఒకటే. సరుకు ఎక్కణ్ణుంచి తేవాలి, తెచ్చినదాన్ని ఎలా నూరాలి, నలుగురిలో ఎప్పుడు వదలాలి? దీనికి మన దగ్గర ఎప్పుడో ఒక పద్ధతి కుదిరింది. దాన్ని పక్కవాద్యం కింద లెక్కగట్టి వదిలేశాం.

ఆ పద్ధతి గురించి ధరణికోట దగ్గర మొదలుపెడతాను, దానికి కారణం ఉంది. ఒకప్పటి ధాన్యకటకం ఇదే, శాతవాహనుల నగరం. 1960లలో తవ్వితే కృష్ణలోకి దారితీసే కాలువ, దాని ఒడ్డున సరుకులు దించే రేవు బయటపడ్డాయి. కూతవేటు దూరంలో అమరావతి మహాస్తూపం. 1797లో కాలిన్ మెకంజీ చూసి వెళ్లాక ఆ రాళ్లలో చాలా భాగం మద్రాసుకూ లండన్‌కూ చేరాయి. స్తూపం చుట్టూ ఒకప్పుడున్న ప్రాకారం స్తంభాల మీద బుద్ధుడి కథలు, జాతక కథలు, అంతా గంభీరమే. అడుగున మాత్రం ఒక పట్టీ, దాని నిండా తమాషా భంగిమల్లో జంతువులూ కుర్రాళ్లూ. పైన ధర్మం, కింద నవ్వు. ఆ శిల్పికి వంతవాడి సంగతి తెలిసే ఉండాలి అనిపిస్తుంది నాకు. ఇది చరిత్రకారుడు ఒప్పుకునే మాట కాదులెండి.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి ధరణికోట పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పక్క మండలం తాడికొండ గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఆ తాడికొండ మండలంలోని పొన్నెకల్లులో 1920లో పుట్టారు షేక్ నాజర్. దూదేకుల కుటుంబం, ఇంట్లో పేదరికం. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. జంగం కథ అని, తంబుర కథ అని జనం పిలుచుకున్న పాత కళారూపానికి ఆయన సంగీతం, అడుగు, అభినయం ఎక్కించారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దాన్ని ఊరూరా తిప్పింది. బెంగాల్ కరువు కథగా చెప్పారు, అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు, పల్నాటి యుద్ధం చెప్పారు. మద్రాసు ప్రభుత్వమూ నిజాం ప్రభుత్వమూ నిషేధించేదాకా వెళ్లింది బుర్రకథ. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో నాజర్ బుర్రకథ ఉంది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశారు. ఆ సినిమా ముక్క ఇప్పటికీ ఫోన్లో దొరుకుతుంది. ఈసారి చూసేటప్పుడు కాసేపు నాజర్‌ను వదిలి పక్కవాళ్ల కాళ్లూ ముఖాలూ చూడండి. కథకుడు ఊపిరి తీసుకునే చోటల్లా వాళ్లు అందుకోవాల్సిందే.

కరువు కథలో హాస్యమేమిటని అడగొచ్చు. అసలు అక్కడే కావాలి. ఆకలి చావుల మాట గంటసేపు ఏకధాటిగా వింటే మనసు మొద్దుబారుతుంది. మధ్యలో ఒకసారి పగలబడి నవ్విన మనిషి మళ్లీ మెత్తబడతాడు, తర్వాతి దెబ్బ లోపలికి దిగుతుంది. హాస్యపు వంత పని కథకు విరామం ఇవ్వడం అనుకుంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఆయన కథను ఆపడు, దాన్ని ఎక్కడో ఉన్న రాజుల నుంచి లాక్కొచ్చి చాప మీద కూర్చున్నవాడి ఒళ్లో పెడతాడు.

ఎలా పెడతాడో చూపించడానికి ఒక ముక్క కల్పిస్తాను. పల్నాటి కోడిపందెం ఘట్టం. బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు బరిలోకి దిగింది. కథకుడు గొంతు పెంచి, "చిట్టిమల్లు రెక్క విదిలిస్తే పన్నెండామడ దుమ్ము లేచిందయ్యా!" అన్నాడు.

"అన్నా, పన్నెండామడంటే ఈ ధరణికోట దాకా వచ్చుంటదిగా ఆ దుమ్ము?"

"రాక ఏం చేస్తది?"

"అదీ సంగతి! మధ్యాన్నం నుంచి చూస్తన్నా, ఇక్కడొకాయనకి ఆ దుమ్ము ఇప్పటికీ కళ్లలోంచి పోలా. అప్పిచ్చినోడు ఎదురుగా వస్తన్నా కనపడట్లా!"

ఈ చిన్న ముక్కలో పనిముట్లన్నీ ఉన్నాయి. మొదట, కథకుడి అతిశయోక్తిని వంత కాదనలేదు. నమ్మాడు, అక్షరాలా నమ్మాడు. హాస్యానికి ఎదురు వాదించడం కన్నా అమాయకంగా ఒప్పుకోవడమే మేలు. తర్వాత ఎనిమిది వందల ఏళ్ల నాటి దుమ్మును ఊళ్లోకి తెచ్చాడు. జనం ఒక్కసారి సర్దుకుని కూర్చుంటారు, మన ఊరి పేరు వచ్చిందిగా. చివరికి దాన్ని అప్పు మీద దించాడు. 'కనపడట్లా' అన్న మాట దాకా దాపరికం చెడలేదు. క్రియ చివర రావడం తెలుగు హాస్యగాడికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. అదే మాటను తిప్పి, "ఒకాయనకి మనుషులు కనపడట్లా, దుమ్ము వల్ల, అప్పిచ్చినవాళ్లు" అని చెప్పి చూడండి, చచ్చి ఊరుకుంటుంది.

పేరు చెప్పలేదని కూడా గమనించాలి. ఒకాయన అన్నాడంతే. పేరు ఊరు పెట్టుకుంటుంది. నలుగురు నాలుగు దిక్కులకు తిరిగి నాలుగు ముఖాలు చూస్తారు. వంతవాడు ఎవరినీ అనలేదు కాబట్టి ఎవరూ కర్ర తీసుకుని రారు.

ఇక కథకుడి వాటా. "రాక ఏం చేస్తది?" అన్న ఆ పొడి మాట లేకపోతే మెట్టు ఒకటి తగ్గుతుంది. కథకుడు నవ్వకూడదు, తొందరపడకూడదు, ముందే తెలిసినట్టు కనపడకూడదు. మాట పేలగానే గుమ్మెట మీద ఒక్క దెబ్బ పడుతుంది. అమెరికా వాడవిల్ రంగస్థలాల్లో డ్రమ్మర్లు జోకు వెనక కొట్టే దెబ్బ ఇలాంటిదే, ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ఇద్దరికీ తట్టింది. ఆ తర్వాత కథకుడు తంబుర మీటుతూ నవ్వును పోనిస్తాడు. పూర్తిగా ఆరిపోనివ్వడు. పడుతున్న నవ్వు ఇంకా కాస్త ఉండగానే తర్వాతి చరణం ఎత్తుకుంటాడు. మరీ ముందు ఎత్తుకుంటే మాట వినపడదు, ఆలస్యమైతే జనం పక్కవాళ్లతో కబుర్లలో పడతారు. మైకు పట్టుకున్న స్టాండప్ కుర్రాడు నెలల తరబడి దెబ్బలు తిని నేర్చుకునేది సరిగ్గా ఈ లెక్కే. అతనికి తంబుర లేదు, మంచినీళ్ల సీసా ఉంది. నవ్వు వస్తున్నంతసేపు ఒక గుక్క తాగుతాడు.

మరి ఆ అప్పు సంగతి వంతకు ఎలా తెలిసింది? మధ్యాహ్నం బస్సు దిగింది మొదలు ఆయన పని మొదలవుతుంది. టీ బంకు, మంగలి కొట్టు, రేవు, గుడి అరుగు. అడగడు, కూర్చుంటాడు. పత్తికి ఏ పురుగు పట్టింది, మిరప క్వింటాలు ఎంత పలికింది, కొత్త బల్బు ఏ వీధి దాకా వచ్చి ఆగిపోయింది. రాత్రి చెప్పే కథ మారదు, నాజర్ రాసిందో సుంకర సత్యనారాయణ రాసిందో ఆ ప్రతే. మారేదల్లా ఈ పొద్దుటి ఊరు. అందుకే ఒకే కథ వంద ఊళ్లలో చెప్పినా వంతవాడి ముక్క ఏ ఊరికా ఊరిది.

ఇవాళ అలాంటి మనిషి ధరణికోటలో బస్సు దిగితే ఏం దొరుకుతుందో ఊహించడం కష్టం కాదు. రాష్ట్ర రాజధానికి అమరావతి అన్న పేరు ఈ ఊరివాళ్ల ముంగిట్లోంచే తీసుకున్నారు. మొదట భూములు సమీకరించిన గ్రామాల జాబితాలో మాత్రం అసలు అమరావతీ లేదు, ధరణికోటా లేదు. పేరు ఇక్కడిది, రాజధాని అక్కడిది. "పెళ్లిశుభలేఖ మీద పేరు మాది, భోజనాలు పక్కింట్లో" అని ఏ టీ బంకు దగ్గరో ఎవరో ఒకరు అనే ఉంటారు. మంచి వంతవాడు దాన్ని సొంతంగా పుట్టించక్కర్లేదు. విని, సాయంత్రానికి సాన పట్టి, ఊరి మాట ఊరికే అప్పజెబుతాడు.

అన్నీ పేలవు. పేలనప్పుడు ఏం చేయాలన్నది కూడా ముగ్గురి పద్ధతిలోనే ఉంది. హాస్యపు వంత మాట నేలమీద పడిందంటే రాజకీయ వంత అందుకుని, "వాడి మాటలకేంగానీ అన్నా, కథ నడువ్" అంటాడు. ఆ విసుగుకే జనం నవ్వుతారు. ఓడిన మాటే రెండో మాటకు పునాది అయింది. స్టాండప్ చేసేవాడికి ఈ మూడో మనిషి లేడు. తన పరువు తనే తీసుకుని, "ఇది ఇంట్లో బాగుంది" అని ఏదో అనుకోవాలి. మన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి వేదికెక్కితే ఏం పోతుందో నాకు అర్థం కాదు. అమెరికా పద్ధతిలో ఒక్కడే నిలబడాలని ఎక్కడా రాసి లేదుగా.

పాతదంతా మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చారంటే రాముడూ రావణుడూ తెర పక్కకు జరగాల్సిందే. ఆ సరసం చాలాచోట్ల మొరటుది. కులం మీద, ఆడవాళ్ల మీద, అవిటివాళ్ల మీద సులువుగా తెచ్చుకున్న నవ్వు బుర్రకథలోనూ ఉండేది. ఊరి పెద్దను ముట్టుకోలేక ఊరి చివరివాణ్ణి ఆడిపోసుకున్న వంతలు ఉన్నారు. ఇప్పుడు వేదిక మీద గుంటూరు యాసను పట్టుకుని సాగదీసేవాళ్లు చేస్తున్నదీ అదే. యాస నవ్వు కాదు. ఆ యాసలో ఏం చెప్పావన్నది ముఖ్యం. మనకన్నా బలవంతుడి మీదికి మాట విసిరి, తిరిగి ఇంటికి చేరడమే ఈ విద్యలో కష్టమైన భాగం. ప్రజానాట్యమండలి వంతలు దొర మీద, పోలీసు మీద విసిరారు కాబట్టే నిషేధం దాకా వచ్చింది.

ఇప్పటివాళ్లకు ఉన్న అసలు నష్టం వేరే. వంతవాడి మాట తాడికొండలో పేలితే క్రోసూరులో మళ్లీ పనికొచ్చేది. వంద రాత్రులు చెబుతూ ఒక్కో అక్షరం చెక్కుకునేవాడు. కొత్తగా రాసినదాన్ని ఓపెన్ మైకులో అయిదు నిమిషాలు చెప్పి చూసుకోవడం, ఫోన్లో రికార్డు చేసుకుని ఏ మాటకు నవ్వారో మళ్లీ వినడం, చచ్చినవి కొట్టేయడం, పనిలోని ఈ భాగం ఇప్పటికీ అలాగే ఉంది. కానీ బాగా కుదిరిన ముక్క ఒకసారి వీడియోగా బయటికి వచ్చిందంటే ఖర్చయిపోయినట్టే. మర్నాటికి ప్రేక్షకుడే ముందు చెబుతాడు. 1998లో అమెరికా కమెడియన్ జెర్రీ సైన్‌ఫెల్డ్ తన పాత సరుకంతా చివరిసారి చెప్పి పక్కన పెట్టేశాడు. 2002లో వచ్చిన 'కమెడియన్' డాక్యుమెంటరీలో చిన్న క్లబ్బుల్లో కాగితం ముక్కలు చూసుకుంటూ, మధ్యలో మాట మరిచిపోతూ కొత్తది కట్టుకుంటాడు. ప్రపంచమంతటికీ తెలిసిన మనిషి. ఆయనకే అయిదు నిమిషాల కొత్త మాట కోసం అన్ని రాత్రులు పట్టాయి. మన దగ్గర వారానికో కొత్త వీడియో అడుగుతున్నారు.

ఒంటరిగా నిలబడేవాడు మనకూ లేకపోలేదు. పిట్టలదొర ఉన్నాడు. తెలంగాణలో తుపాకి రాముడంటారు, లత్కోర్‌సాబ్ అంటారు. చిరిగిన ఖాకీ బట్టలు, టోపీ, చెక్క తుపాకి. వేటకొచ్చిన తెల్లదొరను వెక్కిరించే వేషం. తోడు వంత లేదు, గుమ్మెట లేదు. గుమ్మం ముందు నిలబడి కోతలు కోస్తాడు. "రాత్రి కృష్ణ ఒడ్డున పులి మీద ఒక్క తూటా పేల్చానమ్మా! పులికి తగల్లా. చప్పుడికి మీ ఊరి కావలోడు లేచి కూర్చున్నాడు, మూడేళ్ల నుంచి లేవనోడు!" అన్న ధోరణి. ఒక్కో గుమ్మం ఒక ఓపెన్ మైకు. లోపలినుంచి ఎవరైనా బయటికి వచ్చేదాకా మాట ఆగకూడదు, వచ్చాక విసిగించకూడదు. ఒక వీధి తిరిగేసరికి ఏ కోత ఏ ఇంటి ముందు నడుస్తుందో తేలిపోతుంది.

అతని అసలు విద్య చివర్లో ఉంది. స్టాండప్ చేసేవాడికి టికెట్టు డబ్బు ముందే వస్తుంది, పిట్టలదొర నవ్వించాక అడగాలి. అడగడం మొదలుపెట్టగానే మామూలుగా నవ్వు చస్తుంది, దొర బిచ్చగాడైపోతాడు. అందుకని అడగడాన్ని కూడా కోతలోనే కలిపేస్తాడు: "వెయ్యెకరాల మాగాణి ఉంది తల్లీ, నూటపది ఏనుగులున్నాయి, ఏనుక్కో మావటోడున్నాడు. ఈ పూటకి బియ్యమే మర్చిపోయొచ్చా." ఇల్లాలు నవ్వుతూ చేట కోసం లోపలికి వెళ్లిందంటే వేషం నిలబడినట్టు. ఆమె తిరిగి వచ్చేలోపు పక్కింటి గుమ్మానికి ఏ కోత ఎత్తుకోవాలో ఆలోచించుకుంటుంటాడు.