తెరమీది పాఠము: ఒక పరిశీలన

బోధనకు యంత్రములు మేలు చేయునా, కీడు చేయునా అను చర్చ పాతదే. అవి విద్యార్థికి మరల ప్రయత్నించుటకును, ప్రశ్నించుటకును చోటిచ్చుచున్నవా అనునదే ముఖ్యమని మా అభిప్రాయము. ఈ దృష్టితో రెండు ప్రయత్నములను పరిశీలింతము.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ స్థాపించబడినది. కేంద్ర ప్రభుత్వపు వర్చువల్ ల్యాబ్స్ పథకములో ఈ సంస్థయు భాగస్వామి. సరియైన ప్రయోగశాల లేని కళాశాల విద్యార్థి కంప్యూటరు మీదనే ప్రయోగము చేయవచ్చును. తప్పిపోయినయెడల మరల చేయవచ్చును. పరికరమును చేతపట్టిన అనుభవము మాత్రము దీనివలన రాదు.

రెండవది, కోవిడ్ కాలములో బడులు మూతపడినప్పుడు, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా ప్రసారము చేసిన పాఠములు. ఇంటర్నెట్ లేని ఇంటికిని టీవీ పాఠము చేరును. ఈ మేలును తక్కువగా ఎంచరాదు. అయితే ప్రసారము ఒకవైపే సాగును. అర్థముకాని పిల్లవాడు చెయ్యి ఎత్తినను తెరమీది ఉపాధ్యాయుడు చూడలేడు. పాఠము అతని కొరకు ఆగదు. తరువాత ఉపాధ్యాయుడు ఫోను చేసి అడిగినచోట ఈ లోటు కొంత తీరును. అడుగువారు లేనిచోట వెనుకబడిన బిడ్డ మరింత వెనుకబడును.

కాబట్టి పాఠమును చేరవేయుట వేరు, బోధించుట వేరు. సెమినరీ పాఠములను వీడియోలుగా సిద్ధపరచువారు కెమెరాకు వెచ్చించు ధనముతోపాటు, విద్యార్థుల ప్రశ్నలు విని జవాబిచ్చు ఒక మనిషిని, ఒక సమయమును కూడ ముందుగానే ఏర్పరచుట అవసరము.