బయటికి రాని చీమల లెక్క

చీమల్ని గమనించే పనిలో అన్నిటికన్నా కష్టమైనది సున్నా రాయడం. పుట్ట పక్కన కూర్చుంటాం. ఐదేసి నిమిషాలకు ఎన్ని బయటికెళ్ళాయి, ఎన్ని గింజ పట్టుకుని తిరిగొచ్చాయి, నేల ఎంత కాలుతోంది, గాలిలో తేమ ఎంత ఉంది అని నోట్‌బుక్కులో గళ్ళు నింపుతుంటాం. పొద్దెక్కేకొద్దీ బారు పలచబడుతుంది. కాసేపటికి ఒక్కటీ కనిపించదు. చాలామంది అక్కడితో పుస్తకం మూసి నీడకి వెళ్ళిపోతారు. వెళ్ళకూడదు. కూర్చుని సున్నా, సున్నా, సున్నా అని రాస్తూనే ఉండాలి. జంతుశాస్త్రం చదివే పిల్లలకి ఈ మాట చెబితే నా వంక జాలిగా చూస్తారు.

ఆ సున్నాల ఖరీదు తెలియాలంటే అమెరికాలో రోడియో అనే చిన్న ఊరి సంగతి వినాలి. న్యూ మెక్సికో, ఆరిజోనా రాష్ట్రాల సరిహద్దులో ఎడారి నేల అది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు డెబొరా గోర్డన్ 1985లో మొదలుపెట్టి, గింజలు ఏరుకుని బతికే ఎర్రచీమల పుట్టలను ఏటా అక్కడ లెక్కపెడుతూ వచ్చారు. సుమారు 300 పుట్టలు. వాటిలో ఏది పోయింది, ఏది కొత్తగా వచ్చింది, ఏది ఎన్నేళ్ళది అన్నదంతా పటం మీద ఉంటుంది. ఈ జాతిలో రాణి పాతికేళ్ళ దాకా బతకగలదు, కూలి చీమ ఆయుష్షు ఏడాది. రాణి ఉన్నన్నాళ్ళూ పుట్ట ఉంటుంది. ఒక్క పుట్ట జీవితాన్ని మొదటినుంచి చివరిదాకా చూడటానికి ఒక మనిషి ఉద్యోగ జీవితం దాదాపు చెల్లిపోతుందన్నమాట. మూడేళ్ళకి నిధులిచ్చి, నాలుగో ఏడు నివేదిక ఏదని అడిగే మన పద్ధతిలో ఇది కుదిరే పని కాదు.

ఆ చీమలది విచిత్రమైన ఇబ్బంది. నీళ్ళు సంపాదించుకోవడానికి నీళ్ళే ఖర్చు పెట్టాలి. ఎండలో గింజ కోసం తిరిగితే ఒంట్లో తడి ఆరిపోతుంది. తెచ్చుకున్న గింజలోని కొవ్వు అరిగినప్పుడు పుట్టే నీరే మళ్ళీ వాటికి ఆధారం. మరి ఇవాళ వెళ్ళాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారు? రాణి మాత్రం కాదు, ఆవిడ పని గుడ్లు పెట్టడం వరకే. పొద్దున్నే ముందుగా పహరా చీమలు బయటికి వెళ్ళి నాలుగు పక్కలా చూసి వస్తాయి. అవి క్షేమంగా తిరిగొస్తే గింజల చీమల్లో కదలిక వస్తుంది. ఆ తర్వాత ముఖద్వారానికి దగ్గర్లో ఉన్న గదిలో, గింజతో లోపలికి వచ్చే చీమ మీసాలు కాచుకుని ఉన్నవాటి మీసాలకి తగులుతూ ఉంటాయి. వచ్చేవి వెంటవెంటనే తగిలితే వెళ్ళేవీ గబగబా వెళతాయి. రాక మందగిస్తే పోకా మందగిస్తుంది. ఆజ్ఞలు ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

దీన్ని పరీక్షించిన తీరు నాకు మరీ ఇష్టం. గోర్డన్, మైకేల్ గ్రీన్ కలిసి పహరా చీమలను తిరిగి రానీయకుండా ఆపేశారు. వాటి ఒంటి మీద ఉండే మైనం లాంటి పూతను చిన్న చిన్న గాజుపూసలకి పట్టించి, ఆ పూసల్ని పుట్టలోకి జారవిడిచారు. గింజల చీమలు బయల్దేరాయి! పహరా చీమ రాకపోయినా దాని వాసన వచ్చింది, అది చాలింది. 2003లో వచ్చిన ఆ పరిశోధన గురించి ఎప్పుడు చెప్పినా క్లాసులో వెనక బెంచీలు కూడా నిటారుగా కూర్చుంటాయి.

ఈ శతాబ్దం మొదలైనప్పటినుంచీ ఆ ప్రాంతాన్ని కరువు పట్టి పీడిస్తోంది. గాలిలో తేమ లేని రోజున అన్ని పుట్టలూ ఒకేలా నడుచుకోవు. కొన్ని ఎప్పటిలాగే జనాన్ని తోలుతూనే ఉంటాయి, కొన్ని పని తగ్గించి నిల్వ గింజలతో సరిపెట్టుకుంటాయి. ఎవరు బాగుపడ్డారు? డీఎన్‌ఏ పోలికలు చూసి ఏ పుట్ట ఏ పుట్టకి పిల్లో తేల్చాక, 2013లో గోర్డన్ ఆ జవాబును నేచర్ పత్రికలో ప్రచురించారు. ఎండిన రోజుల్లో వెనక్కి తగ్గిన పుట్టలకే పిల్లపుట్టలు ఎక్కువ. ఇంకా వింత ఏమిటంటే ఆ నిగ్రహం పిల్లపుట్టలకీ వచ్చింది. తల్లిపుట్ట నుంచి ఎగిరిపోయిన రాణి వేరేచోట తవ్వుకున్న గూడు అది. అక్కడి కూలి చీమలు తల్లిపుట్టను చూసి నేర్చుకునే అవకాశమే లేదు. చీమను చూసి బుద్ధి తెచ్చుకోమని మనకి చిన్నప్పుడు చెప్పినవాళ్ళెవరూ మిట్టమధ్యాహ్నం పుట్ట పక్కన కూర్చోలేదనుకుంటాను.

నడత మారకుండా ఒళ్ళే మారిన చీమలూ ఉన్నాయి. ఓహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో, రాలిన ఓక్ కాయ ఒక్కదానిలో మొత్తం సంసారం ఇమిడిపోయే బుల్లి చీమలవి. సారా డైమండ్ బృందం నగరం లోపలి కాయల్నీ ఊరి బయటి కాయల్నీ తెచ్చి, ప్రయోగశాలలో ఒకే వాతావరణంలో పెంచింది. వేడికి అలవాటు పడటం వేరు, ఆ ఓర్పు పుట్టుకలోనే ఉండటం వేరు. రెండిటినీ విడదీయాలంటే అలా పెంచక తప్పదు. నగరపు చీమలు ఎక్కువ వేడిని తట్టుకున్నాయి, చలిని తట్టుకోవడంలో మాత్రం వెనకబడ్డాయి. ఇంతా జరగడానికి వందేళ్ళలోపు, ఇరవై తరాలకు మించకుండా పట్టి ఉంటుందని 2017లో వాళ్ళు వేసిన అంచనా. ఇలాంటి వార్త రాగానే ప్రకృతి సర్దుకుంటుందిలే అని ఊరట పడేవాళ్ళు బయల్దేరతారు. నాకా ఊరట లేదు. చల్లని దేశపు చీమకి, అది తట్టుకోగల హద్దుకీ బయటి వేడికీ మధ్య ఖాళీ బోలెడంత. మన ఉష్ణమండలంలో, ముఖ్యంగా తడి అడవుల్లో, ఆ ఖాళీ తక్కువ.

మనకి పాత ఆధారం లేకపోలేదు. ఒకప్పుడు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా అచ్చువేశాడు. కడప జిల్లా కలివికోడికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. అయితే ఏ చీమ ఉందో జాబితా చెబుతుంది గాని, అది ఎంత ఎండకి లోపలికి వెళ్ళిపోయిందో చెప్పదు. అందుకు కాలేజీ వెనక ఖాళీ స్థలం, నంబర్లు వేసిన కొన్ని పుట్టలు, నేల వేడినీ గాలి తేమనీ కొలిచే సాధనాలు ఉంటే చాలు. అడ్డల్లా క్యాలెండరే. పిల్లల ప్రాజెక్టులన్నీ చీమలు హాయిగా తిరిగే డిసెంబరు, జనవరిలో నడుస్తాయి. అసలు లెక్క అవసరమైన మే నెలలో కాలేజీకి సెలవులు.

ఆమధ్య ఒక ప్రిన్సిపాల్‌గారితో ఇదే అన్నాను. "ఎండలో ఏ పిల్లాడైనా పడిపోతే జవాబు ఎవరు చెప్పాలి సార్?" అన్నారు. న్యాయమైన మాటే. పొద్దున తొమ్మిది దాకా పిల్లలు కూర్చుంటారు, ఆపైన సాయంత్రం వరకూ గొడుగు కింద స్టాండుకి బిగించిన పాత సెల్‌ఫోను చూసుకుంటుందని ఇప్పుడు బేరమాడుతున్నాను. మే నెల మధ్యాహ్నం ఫోను కూడా వేడెక్కి ఆగిపోతుందన్నది ఆయన తాజా అభ్యంతరం.