పులియని అట్టు

"పిండి ప్యాకెట్ దొరక్కపోతే రేపు పొద్దున్న టిఫిన్ సంగతేంటి?" ఈ వారం ఈ మాట చాలాసార్లు చెవినపడింది, పడ్డ ప్రతిసారీ చికాకు పుట్టింది. కొన్న పిండి మీద నాకున్న అభ్యంతరం ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. ఇడ్లీకీ దోశకీ ఒకటే పిండి అన్న ఏర్పాటే నాకు మింగుడుపడదు. మన వైపు ఇళ్లలో ఇడ్లీకి మినప్పిండిలో రవ్వ కలుపుతారు. దోశకైతే బియ్యాన్నీ పప్పుతో పాటే మెత్తగా రుబ్బుతారు. రెండింటికీ పనికిరావాలని మధ్యరకంగా రుబ్బిన పిండితో ఇడ్లీ జిగురుగా వస్తుంది, అట్టు పెనం మీద పలచగా తిరగదు. పైగా ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పులియడం ఆగదు, నెమ్మదిస్తుందంతే. అంగడి అరలో ఉబ్బి కూర్చున్న ప్యాకెట్లే అందుకు సాక్ష్యం. మంగళవారం కొన్నదానికీ శుక్రవారం కొన్నదానికీ పులుపులో పొంతన ఉండదు.

అయితే అందరం మళ్లీ ఇంట్లోనే రుబ్బుకోవాలా? కొన్న పిండిని కాదన్నవాళ్లు సహజంగా చెప్పే మాట అదే. కానీ పిండి పులియడమంటే ఏమిటో చూస్తే అంత తేలిగ్గా ఆ మాట అనలేం. పిండిని పొంగించే సూక్ష్మజీవులు బయటినుంచి మనం వేసేవి కావు, పప్పు గింజలతోనే వస్తాయి. వాటిలో ముందుగా పని మొదలుపెట్టేది ల్యూకోనాస్టాక్ జాతి. అది పులుపునీ, గాలినీ పుట్టిస్తుంది. మినపపప్పులో ఉన్న జిగురు ఆ గాలిని బుడగలుగా పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల వేడి దగ్గర ఈ పని చక్కగా సాగుతుంది. అందుకే మే నెలలో బెజవాడలో అర్ధరాత్రికే గిన్నె పొర్లే పిండి, డిసెంబరు చలికి హైదరాబాదులో తెల్లారినా కదలదు. అమెరికాలో మనవాళ్లు ఓవెన్‌లో లైటు వేసి పిండిగిన్నె లోపల పెట్టేది ఆ వేడి కోసమే. అంటే మంగళవారం అట్టు తినాలంటే సోమవారం మధ్యాహ్నానికే పప్పు నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రి వాతావరణాన్ని బట్టి గిన్నె ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. ఇదంతా గుర్తుపెట్టుకునే మనిషి మన ఇళ్లలో ఎక్కువగా ఒక్కరే, ఆమె ఇల్లాలే. రుబ్బురోలు పోయి గ్రైండరొచ్చాక చేతుల శ్రమ తగ్గింది. ఈ గుర్తుపెట్టుకునే బరువు మాత్రం తగ్గలేదు. ప్యాకెట్ కొనేవాళ్లు దించుకుంటున్నది ఆ బరువునే. దాన్ని మళ్లీ ఆమె నెత్తిన పెట్టమని చెప్పడం న్యాయం కాదు.

ఇబ్బంది ప్యాకెట్టుకు ముందే మొదలైంది. అట్టంటే పులిసిన మినపదోశే అని మనం ఖాయం చేసేసుకున్నాం. ఇంట్లో రోజూ పులియబెట్టడం కుదరదు గనుక కొనక తప్పదన్న మాట అక్కణ్నుంచే పుట్టింది. దక్షిణాది వంటిళ్లను కాస్త కలయజూస్తే ఈ ఖాయం నిలవదు. మంగళూరు, ఉడుపి వైపు నీర్ దోసెకి పచ్చిబియ్యం నానబెట్టి కొబ్బరితో మెత్తగా రుబ్బి, మజ్జిగంత పలచన చేసి వెంటనే పోస్తారు. గరిటెతో తిప్పరు, తిరగెయ్యరు. బియ్యం అడుక్కి దిగిపోతుంది గనుక పోసిన ప్రతిసారీ కలపడమొక్కటే జాగ్రత్త. తమిళుల అడై బియ్యం, నాలుగైదు పప్పులు కలిపి బరకగా రుబ్బి పోసేది, దానికీ పులియడంతో పనిలేదు. మన పెసరట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. రాత్రి పెసలతో గుప్పెడు బియ్యం నానబోసి, పొద్దున్నే అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి మిక్సీలో తిప్పితే చాలు. ఆ పిండిని పులియనిస్తేనే చెడుతుంది.

వీటన్నిట్లోకీ తక్కువ గౌరవం దక్కింది తెలంగాణ సర్వపిండికి. వరంగల్లు వైపు గిన్నప్ప అనీ, మరికొన్ని చోట్ల తపాలచెక్క అనీ పిలిచేది దీన్నే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, కరివేపాకు, ఉల్లి, కారం, ఉప్పు వేసి ముద్ద కలుపుతారు. చల్లటి గంజు గిన్నెకి లోపల నూనె రాసి, ఆ ముద్దని అడుగుకీ అంచులకీ పలచగా వత్తి, వేలితో చిల్లులు పెట్టి ఒక్కో చిల్లులో చుక్క నూనె వేస్తారు. మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచితే మొదట చిటపటలు, ఆ తర్వాత నువ్వుల కమ్మటి వాసన, చివరికి అంచు దానంతటదే గిన్నెను వదులుతుంది. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైభాగం మెత్తగానే ఉంటుంది. రెండోది వత్తాలంటే గిన్నె చల్లారాలి, అందుకే వెనకవైపు నీళ్లు పోస్తారు. రెండు గిన్నెలుంటే ఆ ఆలస్యమూ ఉండదు.

పులిసిన పిండికే బలమెక్కువ కదా అంటారు. నిజమే. పులియడంతో కొన్ని బి విటమిన్లు పెరుగుతాయి, ఇనుము లాంటి ఖనిజాలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గుతాయి. ఆ మేలు నేను కాదనను. కానీ పెసరట్టులో బియ్యం కంటే పప్పే ఎక్కువ, సర్వపిండిలో నువ్వులూ పల్లీలూ ఉన్నాయి, వీటి బలం వీటిది. పొద్దుటి పళ్లెంలో అన్ని మేళ్లూ ఒక్క పిండే మోయనక్కర్లేదు. తరతరాల దోశను ఎలా వదులుతామని ఇంకో అభ్యంతరం. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడి మానసోల్లాసం గ్రంథంలో కనిపించే ధోసక పప్పుతో చేసిందేననీ, అందులో బియ్యం లేదనీ ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య రాశారు. కొలతలు ఇలా మారుతూ వచ్చినవే. ఇక దోశను వదలమని ఎవరూ అనడం లేదు. ఆదివారం తీరిక ఉంటే రుబ్బుకోవచ్చు, ఆ పని ఇంట్లో మగవాళ్లు నేర్చుకుంటే మరీ మంచిది. ఓపిక లేకపోతే ఆ ఒక్క పూటకీ ప్యాకెట్ కొన్నా ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు. పిల్లలు కరకరలాడే అట్టే అడుగుతారన్నదొక్కటే గట్టి మాట. వాళ్లకి రవ్వట్టుంది. బొంబాయి రవ్వ, బియ్యప్పిండి, గుప్పెడు మైదా మజ్జిగలో కలిపి ఇరవై నిమిషాలు నాననిస్తే పిండి సిద్ధం. మైదా అంతకు మించితే అట్టు సాగుతుంది. పెనం బాగా కాలాక పైనుంచి చల్లినట్టు పోయాలి, మధ్యలో పడ్డ ఖాళీలు పూడ్చకూడదు.