ఇండెంట్ రాసే చేయి

హోటల్లో షెఫ్‌గా పనిచేసినన్నాళ్లూ సరుకంటే నాకు ఇండెంటే. రాత్రి కిచెన్ కడిగేశాక మర్నాటికి కావలసినవి రాసి స్టోర్స్‌కి పంపితే, తెల్లారేసరికి క్రేట్లు దిగేవి. ఏ ఊళ్లో పండాయో, ఎన్నాళ్లు నిలవున్నాయో అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు నా పనంతా ఆ ప్రశ్నల చుట్టూనే. చుట్టుపక్కల పండేదాన్ని వంటగదిలోకి ఎలా తెచ్చుకోవాలో హోటళ్లకీ, హాస్టళ్లకీ సలహా చెబుతున్నాను. గరిటె పట్టినవాళ్లే ఈ పనిలోకి రావాలని నా గట్టి నమ్మకం.

కొర్రల సంగతే చూడండి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఊపులో చాలా చోట్ల మెనూలోకి కొర్రన్నం వచ్చింది. నిలబెట్టుకున్నవాళ్లు తక్కువ. రాగులు, జొన్నలు, సజ్జలకు పొట్టు ఒలిచే పని లేదు. కొర్ర, సామ, ఊద, అరికలకు ఉంది. పొట్టు ఒలిచే మిల్లు దగ్గర్లో లేకపోతే ధాన్యం ఎక్కడికో పోయి, పాలిష్ పట్టి తెల్లబడి తిరిగొస్తుంది. పాలిష్ పట్టనిదేమో పైపొరలోని నూనె వల్ల నిలవుంటే ముక్కవాసనేస్తుంది. అందుకే ధాన్యంగానే దాచి, వారానికి సరిపడా ఆడించుకోమంటాను. ఇక ఇసుక. కొర్ర గింజంత రాయిని జల్లెడ ఆపలేదు, నీళ్లలో గాలించాల్సిందే. రెండొందల మందికి వండే చోట ఆ ఒక్క పనికే ఒక మనిషి, రెండు పెద్ద బేసిన్లు, ఓ అరగంట కావాలి. ఈ మనిషిని లెక్కలో రాయని ప్రణాళిక మొదటి వారంలోనే మూలపడుతుంది. పంటికింద రాయి పడ్డ పిల్లవాడు మళ్లీ కొర్రన్నం ముట్టడు. కొత్తగా మొదలుపెట్టే హాస్టల్‌కి ముందు రాగులు, జొన్నలే చెబుతాను.

గరిటె పట్టినవాళ్లే రావాలన్నానుగా, అలా వచ్చినవాళ్లూ ఉన్నారు. కోపెన్‌హాగన్‌లోని నోమా రెస్టారెంట్‌లో హెడ్ షెఫ్‌గా చేసిన డాన్ జ్యూస్టీ ఆ పని వదిలి, 2016లో బ్రిగేడ్ అనే సంస్థ పెట్టి అమెరికాలో బడి వంటగదుల్లోకి వెళ్లాడు. అంత పనితనం పిల్లల పళ్లెం దాకా వెళ్లిందంటే నాకు ఎంతో సంతోషం. మన బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలకూ అలాంటి తోడు దొరకాలి.

ఇక పంట వైపు చూస్తే, జహీరాబాద్ పక్కన పస్తాపూర్ చుట్టుపక్కల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఒకే చేలో పలు పంటలు కలిపి వేస్తారు, విత్తనం ఇంట్లోనే దాచుకుంటారు. అలాంటి చేలో జొన్న, కంది, కొర్ర, అనుములు అన్నీ ఉంటాయి, అన్నీ కొద్దికొద్దిగానే. హోటలేమో ఏడాది పొడుగునా ఒకే రకం, బస్తాల లెక్కన అడుగుతుంది. ఇక్కడ మారాల్సింది చేను కాదు, మెనూ. నేను మొదట మార్పించేది ఒక్క పంక్తి: ‘పాలకూర పప్పు’ అని అచ్చేసిన చోట ‘ఈ రోజు పప్పు’ అని రాయిస్తాను. అప్పుడు ఎండలు ముదిరే రోజుల్లో చింతచిగురు, మామిడికాయ, వానల్లో వాక్కాయ, ఏదీ దొరకనినాడు దోసకాయ. కందిపప్పు తాండూరుదైతే మరీ మంచిది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పప్పు తొందరగా ఉడుకుతుంది, గ్యాస్ కలిసొస్తుంది. పర్చేజ్ మేనేజరుకి రుచి కంటే ముందు ఈ మాటే చెబుతాను.

అన్నిటికంటే గట్టి ముడి డబ్బు దగ్గర పడుతుంది. దళారిని తిట్టడం తేలిక, కానీ అతను కళ్లం దగ్గరే నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. హోటల్ బిల్లు పాసవడానికి నెల, నెలన్నర. ఓ ఊళ్లో ఒక పెద్దావిడ నా ఎదుటే కాంటా దించుతూ అడిగింది: ‘మీ హోటలాయన మంచోడే కావచ్చు బిడ్డా, పైసలు ఎన్నడిస్తడు?’

అందుకని ఏ హోటల్ పిలిచినా నేను ముందు కూర్చునేది అకౌంట్స్ ఆయన ఎదుటే. సరుకు దిగిన వారంలోపు డబ్బు వేస్తామని కాగితం మీద రాశాకే కిచెన్‌లోకి వెళ్తాను.