పడవ సమ్మతించు వేగము

పాత హౌస్‌బోటులోని పెట్రోలు ఇంజనులను ఊడదీసి, డీజిలు ఇంజనులను, వాటికి తగిన కొత్త గేర్‌బాక్సులను ఎక్కించుట జమాఖర్చు తెలిసినవాడు చేయదగిన పని కాదు. ఇంజనుల వెల, గేర్‌బాక్సుల వెల, కూలి, క్రేను అద్దె కూడినచో మొత్తము పడవ ఖరీదును దాటిపోవును. ఆ పడవను రేపు అమ్మజూపినచో పెట్టిన డబ్బులో సగమైనను తిరిగి చేతికి రాదు. ఈ సంగతి మా బావమరిదికి నాకంటె బాగుగా తెలియును. తెలిసియుండియు అతడీ పనికి పూనుకొనెను. వేసవి గడుపుటకై వాళ్లయింటికి వెళ్లిన నేను, ఉద్యోగకాలమంతయు పంపులతోను ఇంజనులతోను పొద్దుపుచ్చినవాడనగుటచేత, పిలువని పేరంటముగా అందులో దూరితిని.

అతడుండునది అమెరికాలో, టెనెసీ రాష్ట్రపు ఛటానూగా నగరమున. ఊరికి ఎగువను చికమాగా ఆనకట్ట కలదు; 1940లో అది పూర్తియైన పిమ్మట నది అక్కడ సరస్సై నిలిచినది. 1948లో ఏర్పడిన మన దామోదర్ లోయ సంస్థకు ఒరవడియైన టెనెసీ లోయ సంస్థ, 1933లో పుట్టినది మొదలు, ఈ నదిమీద వరుసగా ఆనకట్టలు కట్టి, లాకులు అమర్చి, నాక్స్‌విల్ మొదలు పడూకా వరకు 652 మైళ్ల పొడవున పడవ నడచుటకు వీలుగా మార్చినది. లాకులో పడవ మెల్లగా పైకి లేచుట దవళేశ్వరమున చూచిన కన్నులకు వింత కాదు గాని, సరకుల బార్జీల సరసనే కాపురములు సైతము తేలుచుండుట వింతయే. వంటిల్లు, పడకటిల్లు, స్నానాలగది, వెన్నెలలో కూర్చొనుటకు మేడ గల ఇట్టి పడవలు 1960, 70 దశకములలో ఈ రాష్ట్రమునందే చాల తయారైనవి.

మా బావమరిది పడవ ఆ కాలపుదే. 40 అడుగుల ఫైబర్‌గ్లాసు దేహము. వెనుకభాగమున పలకలక్రింద జంటగా ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజనులు, ఒక్కొక్కటి 225 అశ్వశక్తి గలది. అవి ముసలివైనవనుట ఒక కారణమే గాని, అసలు కారణము భయము. పెట్రోలు సున్నకు 40 డిగ్రీలు దిగువ చలిలో సైతము మండదగిన ఆవిరి నిచ్చును. ఆ ఆవిరి గాలికన్న బరువైనది. కారునుండి కారినచో నేలమీద చెదిరిపోవును, పడవలో చెదరుటకు చోటేది? అడుగున చేరి, కంటికి కనబడక, ఒక్క నిప్పురవ్వకై కాచుకొనియుండును. అందుచేతనే ఆ దేశమున ఇట్టి పడవ నడుపువాడు తాళము త్రిప్పుటకు ముందు 4 నిమిషములపాటు ఫ్యాను వేసి ఇంజను గదిలోని గాలిని బయటికి తోలవలెనని చుక్కాని దగ్గర హెచ్చరిక అతికియుండును. వరుసకు నాకు చెల్లెలైన అతని భార్య ఆ 4 నిమిషములును మనుమలను పట్టుకొని గట్టుమీదనే నిలుచుండెడిది. డీజిలైతే 50 డిగ్రీలు దాటి వేడెక్కినగాని అట్టి ఆవిరి నీయదు. ఆ ఇంజనులో రవ్వ పుట్టించు ప్లగ్గులే లేవు, గాలిని 18, 20 వంతులు కుదించినచో పుట్టు వేడికే నూనె అంటుకొనును. ఈ యంత్రమును 1897లో నడిపి చూపిన రుడాల్ఫ్ డీజిలు, 1913లో ఇంగ్లండుకు పోవుచు, ఒక ఆవిరి ఓడమీదినుండి రాత్రివేళ అదృశ్యుడయ్యెను. ఓడలకు ఆవిరి పీడ వదిలింపజూచినవానికి ఆవిరి ఓడయే కడపటి మజిలీ యగుట విధి చేసిన హాస్యమనుకొందును.

కొత్త ఇంజనులు ఎంత బలముగలవి కావలెనను దగ్గర మాకు తగవు వచ్చినది.

“బావగారూ, ఇదివరకు రెండింటికీ కలిపి నాలుగువందల యాభై గుర్రాలు. ఇప్పుడు నూటయాభై అంటే మెరీనాలో తలెత్తుకు తిరగొద్దూ?” అనెను.

“ఆ నాలుగువందల యాభైనీ నువ్వెప్పుడైనా పూర్తిగా వాడావటయ్యా?”

“కొన్న కొత్తలో ఒకసారండి. మీ చెల్లెలు నాలుగు రోజులు మాట్లాడలేదు.”

ఇంగ్లండులో విలియం ఫ్రూడు అను ఇంజనీరు 1870 దశకపు తొలినాళ్లలో టార్కీ పట్టణమున పొడవైన తొట్టి కట్టించి, మైనపు పడవలను నీటిలో లాగించి, కనుగొన్న న్యాయమును మా బావమరిదికి ఉపన్యసించితిని. సాగుచున్న పడవ తన ముందొక అలను లేపును. వేగము పెరిగినకొలది ఆ అల పొడవగును. అల పొడవు పడవ పొడవుతో సమమైన క్షణమునుండి పడవ తాను త్రవ్వుకొన్న గోతిలో కూర్చొని, తాను లేపిన మిట్టనే ఎక్కజూచుచుండును. నీటిగీత వద్ద పడవ పొడవును అడుగులలో కొలిచి, దాని వర్గమూలమును 1.34తో గుణించినచో ఆ యెల్ల ఎక్కడనున్నదో నాట్లలో తేలును. ఈ పడవకు నీటిగీత పొడవు 36 అడుగులు, వర్గమూలము 6, కావున 8 నాట్లు, అనగా గంటకు ఇంచుమించు 15 కిలోమీటర్లు. అంతవరకు పోవుటకు 50 అశ్వశక్తి చాలినంత. అది దాటి, అలమీదికెక్కి పరుగెత్తవలెనన్నచో వందలకొలది గుర్రములు కావలెను; పాత ఇంజనులు చేసినది ఆ దుందుడుకు పనియే. దానికి తోడు గాలను పెట్రోలు గంటకు ఇంచుమించు 12 అశ్వశక్తి నిచ్చుచోట గాలను డీజిలు 18 వరకు ఇచ్చును. ఫ్రూడు మాట వినెనో, భార్య మౌనము తలచుకొనెనో, కడకు నాలుగు సిలిండర్లతో 75 అశ్వశక్తి గల ఇంజనులు రెండు చాలునని ఒప్పుకొనెను.

వచ్చిన ఇంజనుల రంగు పడవదైనను మూలము ట్రాక్టరుదే. పొలములో రేడియేటరుతో చల్లబడునది నీటిమీదికి వచ్చి, నదినీటిని ఒక గొట్టపుగుత్తిలోనుండి పారించుకొని దానితో తన లోపలి నీటిని చల్లార్చుకొనును. మన తీరమున చేపల మరపడవలలో లారీ వంశపు లేలండు ఇంజనులు చేయుచున్నదియు ఇదే సంసారము.

ఇంజనును క్రేనుతో దింపుట చూపరులకు వేడుక. పనివానికి అది ఒక పూట పని. అసలు శ్రమ దాని క్రింద కలదు. మెకానిక్కు, బార్జీలను త్రోయు పడవలమీద జీవితము గడిపిన వృద్ధుడు, ఖాళీ గదిలోనికి దిగి, ఇంజనులను మోయు దూలములను చిన్న సుత్తితో జానెడు జానెడు దూరమున కొట్టుకొనుచు పోయెను. ఖణేలుమన్నచోట సుద్దగీత లేదు. బొద్దుగా పలికినచోట గీత. పైని ఫైబర్‌గ్లాసు నిగనిగలాడుచున్నను లోపలి ప్లైవుడ్డు ఎడమవైపున మూరెడు మేర చివికి నల్లని ముద్దయైయుండెను. అది కోసి, కొత్త చెక్క అతికి, దానికి మరల గాజుగుడ్డ చుట్టి ఆరనిచ్చువరకు కొత్త ఇంజనులు గట్టుమీద గోనెపట్టాల క్రింద ఎదురుచూచినవి. ఈ పనిలో తొందరపడువారిపై నాకు సానుభూతి లేదు.

గేర్‌బాక్సు సంగతి ఇంకను రుచికరము. పాత ఇంజనులలో ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగునట్లు కర్మాగారముననే చేసియుండిరి. రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురుగా తిరిగినగాని పడవ ఒకవైపు లాగకుండ పోదు. డీజిళ్లు రెండును ఒకే దిక్కున తిరుగును. కావున ఏ దిక్కునైనను నిండు బలము మోయగల గేర్‌బాక్సులు తెచ్చి, ఒకదానిని ముందుకు పోవుటకే వెనుకగేరులో నడుపవలెను. పైగా పాతవి ఇంజను ఒకటిన్నర చుట్లు తిరుగగా షాఫ్టును ఒక చుట్టు త్రిప్పెడివి. కొత్తవి రెండున్నర చుట్లకు ఒకటి. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరిగినను ప్రొపెల్లరు 1200 చుట్లే తిరుగును. బలము మూడవ వంతునకు తగ్గినను, ఈ నిదానమువలన షాఫ్టును మెలిపెట్టు శక్తి పాతదానిలో ముప్పాతిక వంతు వరకు నిలిచియున్నది! వెడల్పు రెక్కల పెద్ద ప్రొపెల్లరు మెల్లగా తిరుగుచు ఎక్కువ నీటిని కొంచెముగా త్రోయుటయే బరువు పడవకు మేలు. షాఫ్టు మార్చనక్కరలేదని తేలినప్పుడు బావమరిది ముఖము వికసించినది; బిల్లులో కొట్టివేతకు నోచుకొన్న పద్దు అదొక్కటే.

ఇక గేర్‌బాక్సు కప్లింగును, షాఫ్టు కప్లింగును ముఖాముఖి కూర్చుట. ఇది గట్టుమీద చేయరాదు. పడవ నీటిలో దిగినపిదప దేహము కొంచెము వంగును, అది కుదుటపడువరకు ఒకటి రెండు రోజులు ఆగవలెను. వృద్ధుడు బోరగిల పండుకొని, రెండు బిళ్లలను చేతితో కలిపి, వాని నడుమ ఫీలర్ గేజి రేకు దూర్చెను. 4 అంగుళముల కప్లింగునకు సందులోని తేడా అంగుళమున వేయింట 4 వంతులు మించరాదు, అనగా సన్నకాగితమంత. పైన దూరినది, క్రింద దూరలేదు. ముందరి మౌంటు మరను పావుచుట్టు దించి మరల చూచెను. ఈసారి ఎడమప్రక్క బిగిసినది. అదియు సరిపరచి, షాఫ్టును పావుచుట్టు త్రిప్పి నాలుగు దిక్కులును మొదటినుండి కొలిచెను. ఒక్క ఇంజనుకే మధ్యాహ్నము గడచిపోయినది. ఆ సందు సరిగా లేనిచో గేర్‌బాక్సు సీళ్లు, షాఫ్టు బేరింగులు నెలలలో అరిగిపోవును; యజమాని మాత్రము ఇంజను మంచిది కాదని దానిని దూషించుచుండును.

పరీక్షకై సరస్సు నడుమకు పోయి లివర్లు చివరివరకు త్రోయగా ఇంజను చుట్లు చూపు ముల్లు 2700 దగ్గర ఆగిపోయినది.

“చూశారా బావగారూ, బలం చాలదని నేను మొదటే చెప్పాను!”

వృద్ధుడు తల అడ్డముగా ఊపెను. డీజిలు ఇంజను నిండు మేతతో తన 3000 చుట్లు అందుకొనకపోయినచో దానికి మోయరాని బరువు తగిలించినట్లే. నల్లపొగ క్రక్కి, వేడెక్కి, అకాలమున అరుగును. దోషము ఇంజనుది కాదు, ప్రొపెల్లరుది. ఒక్క చుట్టుకు 16 అంగుళములు ముందుకు పోవజూచునట్లు దాని రెక్కలు మలచబడియున్నవి. ఆ పిచ్చు 14కు తగ్గవలెను. ప్రొపెల్లర్లను విప్పించి, రెక్కలను సాగగొట్టించి తెచ్చి మరల బిగించిన పిదప ముల్లు 3000 దాటి ఒక వెంట్రుకవాసి పైన నిలిచినది. పడవ 8 నాట్లకు కొంచెము తక్కువలో పోయినది.

ఇంజనులు 50 గంటలు నడచిన తరువాత గేర్‌బాక్సు నూనె మార్చి, మౌంటు బోల్టులు బిగించి, కప్లింగు సందులు మరల కొలువవలెనని చెప్పి వృద్ధుడు తన గేజిరేకులు మూటగట్టుకొని పోయెను. ఆ కొలతలు కాగితముమీద వ్రాసి నాకు పంపుమని బయలుదేరునప్పుడు బావమరిదికి గట్టిగా చెప్పితిని. ఇంతవరకు రాలేదు. ఫోను చేసినచో, “తీరిక ఎక్కడ బావగారూ, పడవ దిగితేగా!” అనుచున్నాడు.