అరకిలో ట్రిగ్గర్

పది మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీకి వెళ్లిన షూటర్ గురి ఎలాంటిదో తేలేది తర్వాత. ముందు పిస్టల్ తేలాలి. ఎక్విప్‌మెంట్ కంట్రోల్ బల్ల దగ్గర దాన్ని 420, 200, 50 మిల్లీమీటర్ల కొలతలున్న పెట్టెలో పెట్టి చూస్తారు. తూకం వేస్తారు, కిలోన్నర దాటకూడదు. ఆ తర్వాత అసలు పరీక్ష. బల్ల మీద 500 గ్రాముల బరువు ఒకటి ఉంటుంది, దానికో కొక్కెం. పిస్టల్ గొట్టాన్ని నిట్టనిలువుగా పైకి పెట్టి, కొక్కేన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, మెల్లగా లేపుతారు. బరువు బల్లను వదిలి గాల్లోకి వచ్చినా ట్రిగ్గర్ విడవకపోతే పాస్. మధ్యలో టక్కుమంటే ఫెయిల్. మూడుసార్లు చూస్తారు. మూడుసార్లూ విడిచేస్తే సరిచేసుకుని మళ్లీ రావాలి. పోటీ అయ్యాక జరిగే తనిఖీలో తూగకపోతే మాత్రం సరిచేసుకునే మాటే లేదు, నేరుగా అనర్హత వేటు పడుతుంది.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్ఎస్ఎఫ్, పెట్టిన నిబంధన ఇది. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి కనీసం 500 గ్రాములు, 25 మీటర్ల పిస్టల్‌కి కనీసం 1000 గ్రాములు. సెంటర్ ఫైర్ పిస్టల్‌కి ఒకప్పుడు 1360 గ్రాములు, అంటే 3 పౌండ్లు ఉండాలనేవారు. ఎయిర్ రైఫిల్‌కి అసలు పరిమితే లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది అలాంటి రైఫిల్‌తోనే. 2016 రియో తర్వాత ఒలింపిక్స్ నుంచి తప్పించిన 50 మీటర్ల ఫ్రీ పిస్టల్‌దీ అదే దారి. దాని ట్రిగ్గర్‌ని కొన్ని గ్రాముల స్థాయికి దించుకునేవాళ్లు.

బరువెందుకు పెట్టారంటే, తేలిక ట్రిగ్గర్ షూటర్‌కి పెద్ద వరం కాబట్టి. పిస్టల్‌ని ఒంటిచేత్తో పట్టుకుంటారు. ఆ చెయ్యి ఎంత స్థిరంగా ఉన్నా ఊగుతూనే ఉంటుంది. వేలు అరకిలో ఒత్తిడి పెంచుతున్నప్పుడు మిగతా నాలుగు వేళ్లు ఏ మాత్రం బిగిసినా గొట్టం తిరుగుతుంది. పదో వంతు డిగ్రీ తిరిగితే చాలు, పది మీటర్ల దూరంలో పెల్లెట్ 17 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పదో వలయం అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లే. అంటే 10 రావాల్సిన చోట 8 వస్తుంది. అందుకే షూటర్లందరూ నిబంధన ఒప్పుకున్నంత తేలికగా, అంటే 500కి ఎంత వీలైతే అంత దగ్గరగా పెట్టుకోవాలని చూస్తారు. తూచే పనికి ఇంత ప్రాధాన్యం వచ్చింది అక్కడే.

లోపల జరిగేది చూస్తే ఈ తూకం ఎందుకు తిప్పలు పెడుతుందో తెలుస్తుంది. పిస్టల్‌ని కాక్ చేసినప్పుడు ఒక స్ప్రింగు బిగుసుకుంటుంది. అది ముందుకు దూకకుండా చిన్న ఉక్కు మెట్టు ఒకటి ఆపి ఉంచుతుంది. దాన్ని సియర్ అంటారు. ట్రిగ్గర్ నొక్కడమంటే ఆ మెట్టును అంచు దాకా జరపడమే. పోటీ పిస్టళ్లలో ఇది రెండు స్టేజ్‌లుగా సాగుతుంది. మొదటి స్టేజ్‌లో ట్రిగ్గర్ స్ప్రింగుకి ఎదురుగా కాస్త దూరం వెళ్లి ఆగుతుంది. అక్కడి నుంచి ఇంకొంచెం ఒత్తిడి పెంచితే విడుస్తుంది. నిబంధన అడిగేది రెండూ కలిపిన మొత్తాన్నే. పంపకం షూటర్ ఇష్టం. 400, 100గా పెట్టుకునేవాళ్లున్నారు, 350, 150గా పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పిస్టల్ మీదున్న బుల్లి స్క్రూలు అందుకే. ఒకదాన్ని కదిపితే రెండోదాని లెక్క కూడా మారుతుందన్నది వాటితో వచ్చే చిక్కు.

అరచేతిలో ఇమిడే డిజిటల్ గేజ్ ఉపయోగపడేది ఇక్కడే. పనితనంలో కూరగాయల కొట్లోని ఎలక్ట్రానిక్ కాటాకీ దీనికీ తేడా లేదు. లోపల ఒక లోహపు పట్టీ, దానికి అంటించిన పలచని రేకు. కొక్కెం లాగినప్పుడు పట్టీ కంటికి ఆననంతగా వంగుతుంది, రేకు సాగుతుంది, సాగిన కొద్దీ దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే తెర మీద అంకె అవుతుంది. లాగినంతసేపట్లో వచ్చిన అత్యధిక అంకెను గేజ్ పట్టి ఉంచుతుంది. ఈ గుణాన్ని ఇంకోలా కూడా వాడుకోవచ్చు. మొదటి స్టేజ్ చివర దాకా లాగి అక్కడే ఆపి వదిలేస్తే, ఆ స్టేజ్ బరువు విడిగా తెలిసిపోతుంది. షూటర్లు బాగా వాడే లైమన్ కంపెనీ గేజ్ 12 పౌండ్ల దాకా తూస్తుంది, పది లాగుళ్ల సగటు కూడా తనే చెప్పేస్తుంది. మన లెక్క గ్రాముల్లో కాబట్టి తెర మీద పౌండ్లు, ఔన్సులు కనిపిస్తే ముందు మార్చుకోవాలి. 500 గ్రాములంటే 1 పౌండు 1.6 ఔన్సులు.

తూచేముందు ఒక్క మాట. పిస్టల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. అయినా సరే గొట్టం మనుషులు లేని వైపే ఉండాలి. ఎయిర్ పిస్టల్ అని తేలిగ్గా తీసుకునే అలవాటు చాలా మందిలో చూస్తున్నాం, అది మానుకోవాలి. ఇంకో సంగతి: .22 పిస్టల్‌ని ఖాళీ చాంబర్ మీద పదేపదే కొట్టిస్తే ఫైరింగ్ పిన్నుకీ చాంబర్ అంచుకీ దెబ్బ. డమ్మీ తూటా పెట్టి తూచాలి.

గేజ్ లాగడం చూడ్డానికి సులువు. కానీ ట్రిగ్గర్ ఒక మీట కాబట్టి కొక్కెం ఎక్కడ పెట్టామన్నదాని మీద అంకె ఆధారపడుతుంది. తలుపును బందుల దగ్గర తోస్తే ఎంత బరువుగా ఉంటుందో, చివర తోస్తే ఎంత తేలికో తెలిసిందే కదా. ట్రిగ్గర్ కీలు నుంచి 30 మిల్లీమీటర్ల దగ్గర 500 గ్రాములకు విడిచే పిస్టల్, మూడు మిల్లీమీటర్లు పైన పట్టి లాగితే 555 చూపిస్తుంది, మూడు కిందికి జారితే 455. ఒకే పిస్టల్, అవే స్క్రూలు, అంకెలో మాత్రం వంద గ్రాముల తేడా! దిక్కు కూడా మోసం చేస్తుంది. గొట్టానికి సమాంతరంగా లాగాల్సింది 20 డిగ్రీలు పక్కకు లాగితే 500 కాస్తా 532గా కనిపిస్తుంది. అలా తూచి, ఇంకా 32 గ్రాములు తగ్గించొచ్చులే అని స్క్రూ తిప్పినవాడికి పోటీ బల్ల దగ్గర గుండె జారక తప్పదు.

కొన్ని గేజ్‌ల చివర చిన్న రోలర్ ఉంటుంది. రాపిడి తగ్గడానికి మంచిదే, కానీ ట్రిగ్గర్ వంపులో అది తనకు నచ్చిన చోటికి దొర్లి కూర్చుంటుంది. ఐఎస్ఎస్ఎఫ్ తూకపు బరువు మీద రోలర్‌ని నిషేధించింది. కత్తి అంచులాంటి లోహపు లేదా రబ్బరు కొక్కెమే వాడాలి, అది పెట్టిన చోటే నిలుస్తుంది. బరువులో స్ప్రింగు గానీ మరో పరికరం గానీ ఉండకూడదు, ఉత్త బరువే. ఎయిర్ పిస్టల్ తూచేటప్పుడు గాలి కూడా నిజంగా వదలాలి, డ్రై ప్రాక్టీస్ మీట వేసి తూస్తే చెల్లదు. గేజ్‌తో ఇంట్లో తూచేవాళ్లు కూడా ఈ చివరి నియమాన్ని పాటిస్తే తర్వాత ఆశ్చర్యపోయే అవసరం రాదు.

మరి చివరికి బరువే తీర్పు చెప్పేటప్పుడు గేజ్ ఎందుకు? నా దృష్టిలో గేజ్ విలువ అది చూపే అంకెలో కన్నా అంకెల మధ్య తేడాలో ఉంది. రెండు పిస్టళ్లు ఉన్నాయనుకుందాం. ఒకదాన్ని ఐదుసార్లు లాగితే 512, 508, 515, 510, 510 వచ్చాయి. రెండోదానికి 530, 488, 541, 502, 494. రెండింటి సగటూ 511. సగటు మాత్రమే చూసేవాడికి రెండూ ఒకటే. కానీ రెండోది నమ్మదగింది కాదు. మూడు అవకాశాల్లో ఏదో ఒకసారి 500 తూగి పాసైపోవచ్చు కూడా. అసలు నష్టం ఫైరింగ్ పాయింట్ మీద జరుగుతుంది. 494 దగ్గర విడుస్తుందో 541 దగ్గర విడుస్తుందో తెలియని ట్రిగ్గర్ వెనక వేలు అనుమానంతో నొక్కుతుంది. విడుస్తుందనుకున్నప్పుడు విడవకపోతే ఒక కుదుపు, అనుకోకముందే విడిస్తే ఇంకో కుదుపు. సియర్ మీద మురికి, ఎండిపోయిన నూనె, వదులైన స్క్రూ, అంచు అరిగిన మెట్టు, ఇలా కారణం ఏదైనా కావచ్చు. బల్ల మీది బరువు ఔను, కాదు అని తప్ప ఇంకేమీ చెప్పదు. ఈ చెదురుని పట్టించేది గేజే. మోరిని సీఎం 162 ఈఐ లాంటి ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ పిస్టళ్లలో వేలు ఒక స్విచ్‌ని మాత్రమే నొక్కుతుంది, సియర్ మీద రాపిడి బాధ ఉండదు. వాటి జనాదరణకి ఇదొక కారణం.

రెండు రకాల పోటీల్లో దిగేవాళ్లకి ఈ లెక్క ఇంకా ముఖ్యం. హైదరాబాద్‌కి చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వ్యక్తిగత రజతం గెలిచింది. రెండు రోజుల తేడాతో పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో మరో రజతం. అంటే కిలో ట్రిగ్గర్‌కి అలవాటు పడిన వేలు అరకిలోకి దిగాలి. గురి చూసే కన్ను ఒకటే గానీ వేలికి రెండు తూకాలు గుర్తుండాలి. ప్రతి పిస్టల్ తన తూకాన్ని రోజూ ఒకేలా చూపించకపోతే ఈ మార్పిడి కుదిరే పని కాదు.

గ్రాము కూడా వదలకుండా సరిగ్గా 500కి పెట్టుకునే మొనగాళ్లకి ఓ చిన్న భౌతికశాస్త్ర హెచ్చరిక. భూమ్యాకర్షణ అన్ని చోట్లా ఒకేలా ఉండదు. ప్రపంచ కప్‌లు జరిగే మ్యూనిక్‌లో అది హైదరాబాద్‌లో కంటే దాదాపు పావు శాతం ఎక్కువ. ట్రిగ్గర్ స్ప్రింగుకి ఏ ఊరైనా ఒకటే, 500 గ్రాముల బరువు మాత్రం అక్కడ ఒక గ్రాము పైచిలుకు ఎక్కువ లాగుతుంది. ఇక్కడ అంచు మీద తూగింది అక్కడ విడిచేయొచ్చు. దానికి తోడు అధికారి చెయ్యి కొంచెం వేగంగా లేపినా ట్రిగ్గర్ మీద భారం పెరుగుతుంది. సెకనుకి సెకనుకి మీటరు చొప్పున వేగం పెరిగేలా లేపితే పది శాతం, అంటే 50 గ్రాములు అదనం. తెలివైనవాళ్లు గేజ్ మీద 510, 520 దగ్గర ఆగిపోతారు. ఆ పదీ ఇరవై గ్రాముల వల్ల గురి పాడవదు.

గేజ్ కొనలేని కుర్రాళ్లు బాధపడక్కర్లేదు. వంటింటి డిజిటల్ కాటా ఒకటి, ప్లాస్టిక్ సీసా ఒకటి, గట్టి తీగ కాస్త ఉంటే చాలు. సీసాలో నీళ్లు కాకుండా ఇసుక పోయాలి. నీళ్లు లోపల ఊగితే బరువూ ఊగుతుంది. మూత, తీగ కొక్కెం అన్నీ కలిపి 500 వచ్చేదాకా ఇసుక సరిచూసుకోవాలి. తీగ ట్రిగ్గర్‌ని గీయకుండా కొనకి రబ్బరు తొడుగు తొడగాలి, మూతకి టేపు చుట్టాలి. ఆ సీసాని బల్ల మీంచి మెల్లగా లేపడం వారానికోసారి చేసుకుంటే పోటీ నాటికి కొత్తగా తెలుసుకోవాల్సిందేమీ ఉండదు. కిలో ట్రిగ్గర్ వాళ్లు సీసా కొంచెం పెద్దది వెతుక్కోవాలి, అంతే.