రైన్ ఒడ్డున ఎండుపుల్లలు, మన్యంలో పోడు

తొమ్మిదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ 2006లో తెచ్చిన చరిత్ర పుస్తకం ‘భారతదేశం, సమకాలీన ప్రపంచం’ మొదటి భాగంలో ముందు ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, నాజీలు వస్తారు. ఆ తర్వాతే అడవి, పశువుల కాపరులు. అడవికి ఒక పూర్తి పాఠం ఇచ్చినందుకు ఈ పుస్తకాన్ని మెచ్చుకోవాలి. మైలు రైలుమార్గానికి 1,760 నుంచి 2,000 దాకా స్లీపర్లు కావాలని లెక్క చెప్పింది. 1910లో బస్తర్ తిరగబడ్డాక, రిజర్వు చేయదలచిన అడవిని సుమారు సగానికి తగ్గించక తప్పలేదనీ రాసింది.

నా పేచీ ఈ రెండు ముక్కల మధ్య కట్టిన గోడతోనే. అడవుల కోసం బ్రిటిష్ వాళ్లు డీట్రిక్ బ్రాండిస్ అనే జర్మన్ నిపుణుణ్ని పిలిపించారని, 1864లో అటవీ శాఖ నడక మొదలైందని ఉంది. జర్మనీ నుంచే ఎందుకు? అప్పటికి అక్కడ అడవికి ఏం జరిగింది? ఆ మాట లేదు.

బ్రాండిస్ 1824లో రైన్ నది ఒడ్డున బాన్‌లో పుట్టాడు. అతను కుర్రవాడిగా ఉన్నప్పుడే, ఆ రైన్ ప్రాంతంలోనే, రాలిన ఎండుపుల్లలు ఏరుకోవడాన్ని దొంగతనం కింద లెక్కగట్టే చట్టం మీద ప్రాంతీయ సభలో చర్చ నడిచింది. పుల్లలేరడం అక్కడి పేదలకు తాతల నాటి అలవాటు. 1842లో ఆ చట్టాన్ని కొలోన్ పత్రికలో దుయ్యబట్టిన యువకుడు కార్ల్ మార్క్స్. రష్యా పాఠంలో పిల్లలు చదివే మార్క్సే! ఫ్రాన్సులో 1789 హక్కుల ప్రకటన ఆస్తిని పవిత్ర హక్కు అంది. రాజును ఎదిరించడానికి పనికొచ్చిన ఆ మాటే, కాగితం లేనివాడి మీదికి తిరిగింది. మొదటి పాఠంలోని ఆ ప్రకటనకూ నాలుగో పాఠంలోని ఫారెస్టు గార్డుకూ చుట్టరికం ఉంది.

అలాగని తప్పంతా బ్రాండిస్ నెత్తిన రుద్దలేం. ఊళ్లకు కొంత అడవి వదలాలన్నాడు. 1878 చట్టంలో అతని మాట చెల్లలేదు. మద్రాసు ప్రభుత్వం ఆ చట్టానికి ఒప్పుకోక, 1882లో సొంత చట్టం చేసుకుంది. పేరు మారినా రిజర్వు అడవులు మన్యానికీ వచ్చాయి. పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి కలిసి 1922లో గూడెం కొండలను అల్లూరి వెంట నడిపించాయి. పుస్తకంలో ఆయనది పేరు మాత్రమే. ఆ కారణాల ఊసు లేదు.

ఈసారి ఫ్రెంచి విప్లవం చెప్పిన మర్నాడే నాలుగో పాఠం తెరిపించాను. రైన్ ఒడ్డు సంగతి విని వెనక బెంచీ అమ్మాయి అడిగింది: “అక్కడ కూడా గార్డు గొడ్డలి లాక్కునేవాడా సార్?”